రోజుకో బండి

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో, తొండుపల్లి దగ్గర అన్నం బళ్లు వరసగా నిలబడతాయి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక చివరి బండి దగ్గర ఒకామె ప్లేటు పట్టుకుని తింటోంది. బండి నడిపే కోస్తా ఆవిడ ఆమెనే గమనిస్తోంది.

“సోమవారం పులిహోర, మంగళవారం బిర్యానీ, నిన్న చపాతీ. ఇవాళ నా దగ్గరికొచ్చావు. రోజుకో బండి దగ్గర తింటున్నావేంటమ్మాయ్?”

“సూస్తనే ఉన్నవా అక్కా?”

“కళ్లముందే తింటుంటే కనబడదా?”

“నీ కాడ దాసిపెట్టుడెందుకు. కంపెనీ క్యాంటీన్ల వంటపని పోయింది. నేను గూడ బండి పెడ్తున్న. ఎవరెట్ల వండుతున్నరో సూస్తున్న.”

“ఓహో. మరి నా పప్పుచారు ఎలా ఉంది?”

“మంచిగుంది గని, జర తియ్యగుంది.”

“మా వైపు బెల్లం వేస్తాం. ఇక్కడి డ్రైవర్లూ అదే మాటంటారు. నువ్వేం పెడతావు?”

“జొన్నరొట్టె, తోటకూర, ఎల్లిపాయ కారం. బండి తయారుంది, జాగనే దొరుకుతలేదు.”

“ఈ వరసలో జొన్నరొట్టె ఎవరూ పెట్టట్లేదు. నాకది చేతకాదు. అడిగినవాళ్లని వెనక్కి పంపేస్తున్నాను.”

“నేనొస్తే నీ గిరాకి పోదా అక్కా?”

“కొంత పోతుంది. రొట్టె కోసం వచ్చినవాడు కాస్త అన్నం కూడా అడగకపోడు. నా పక్కన చోటుంది, రేపు పదింటికల్లా వచ్చెయ్. ఆలస్యమైతే ఎవడో లారీ ఆపేస్తాడు.”

“రేపేనా? జొన్నపిండి గూడ ఇంక పట్టియ్యలే.”

“ఇవాళ సాయంత్రమే పట్టించెయ్. మొదటి రొట్టె మాత్రం నాకే.”