దొడ్లోకి పోయిన భజన

ఓబుళప్ప ఉండె మా ఊర్లో. మీలో ఎవురూ చూసుండరులే, ఆయప్ప పోయి శానా కాలమాయె. పోయేతలికి పండు ముసిలోడు. తొంభై దాటినాయని కొందరు, కాదు నూరుకు దగ్గరేనని కొందరు. ఆయప్పనే అడిగితే, "పుట్టేతలికే పని కనపడె, ఏండ్లు లెక్కపెట్టుకునేదానికి తీరిక యాడిదిరా" అంటాడు. అట్లాంటోడు. నాయిన చిన్నప్పుడే పోయె, వెనకాల చెల్లెండ్లు చిన్నబిడ్డలు, మీసం రాకముందే మడక పట్టినాడనుకో. ఇంక ఇడిస్తేనా! తన చేను దున్నుకోని, కూలికి పక్కోళ్ళ చేండ్లు దున్ని, చెల్లెండ్లకు పెండ్లిండ్లు చేసి, ఆ పైన తాను చేసుకునె. పెండ్లాము పేరు సుంకులమ్మ. ఆయమ్మ నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. "యో, నువ్వు తాళి కట్టింది నాకా, మడకకా? ఈ పొద్దు తేల్చి చెప్పు" అని అడుగుతాండెనంట. ఆయప్ప నవ్వేటోడంట. అంతే, నవ్వి మడక ఎత్తుకోని పోయేటోడంట. గానీ సంతకు పోయి పూలు లేకుండా ఇంటికొచ్చిన రోజు లేదంట. అదీ సుంకులమ్మే చెప్పింది, తిట్టిన నోటితోనే.

ఇంక భక్తి అంటారా, భక్తి పేరు చెప్పి పని ఎగ్గొట్టేటోళ్ళను మనం శానామందిని చూసినాం, పేర్లెందుకులే. ఓబుళప్ప అట్లగాదు. తెల్లారక ముందే బాయికాడ నీళ్ళు పోసుకోని, నామం పెట్టుకోని, రాముని పాట ఎత్తుకుంటే ఎద్దులు గూడా లేచి నిలబడతాండెనంట. పాడుకుంటానే దున్నేది. పాట ఆపితే ఎద్దులు ఆగిపోతాండెనంట. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు, మా అమ్మ చెప్పింది నేను చెప్తాండా. ఏం గొంతనుకున్నారు! బాగుండే గొంతు గాదు, గరగరలాడే గొంతే, గానీ వింటే మనకూ ఒక మంచిపని చేద్దామా అనిపిస్తాది. ఆ మాట మాత్రం నేను విని చెప్తాండా.

అట్లుంటే ఏమైందంటే, ఒక యేడు వాన రాలా. విత్తనం మట్టిలోనే మాడిపోయె. బాయిలో బురద తేలె. అప్పుడు మా ఊరి భజన పెద్ద చెన్నరాయుడు, గట్టి మనిషి, ఆయప్ప మాటంటే మాటే, ఊరందరినీ పిలిచి, ఏకాహం పెడదాం, అప్పుడు గానీ దేవునికి మన మీద కనికరం రాదు అన్నె. ఏకాహమంటే తెల్సుగదా, ఈ పొద్దు సూర్యుడు పొడిసినప్పుడు ఎత్తుకున్న్య నామం రేపు సూర్యుడు పొడిసేదాకా తెగగూడదు. నడుమ దీపం, దాని సుట్టూ తిరుగుతా పాడేది. ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు అందుకోవాల. ఊపిరి తీసుకునేంత సందు గూడా ఉండగూడదు. తెగిందా, వాన రాదు. అంత నమ్మకంతో కూర్చునిరి జనం. ఎండ నెత్తిన మండుతాండే యాళకు ఓబుళప్ప జట్టు వంతు వచ్చె. జట్టులో ఇద్దరు సొమ్మసిల్లి నీడకు పోయి పడిరి. మిగతా ఊరంతా సద్ది తాగేదానికి ఇండ్లకు పోయింది. ఇంక మిగిలింది ఓబుళప్ప, మద్దెల కొట్టే నరసింహులు. నరసింహులుకు పొద్దున్నుంచి పాడి పాడి గొంతు పూర్తిగా పోయింది, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. అంటే ఏమాయె? ఊరి నామమంతా ఓబుళప్ప నోట్లో ఉండాది.

అప్పుడు తిప్పక్క పరిగెత్తుకోని వచ్చె. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు బిడ్డలు, ఒక ఆవు. ఆ ఆవే ఆయమ్మ సంసారం. "ఓబుళన్నా, ఆవు ఈనలేక పడిపోయిందన్నా, కండ్లు తేలేస్తాందన్నా" అని ఏడుస్తాది. మా ఊర్లో అడ్డం తిరిగిన దూడను తీసేది ఓబుళప్ప ఒక్కడే. పోతే నామం తెగుతాది, పోకుంటే ఆవు పోతాది. ఆయప్ప దీపం వైపు చూసె, తిప్పక్క వైపు చూసె. పాట మాత్రం ఆపలా. రామ రామా అంటానే గిరుక్కున తిరిగి తిప్పక్క ఇంటి దావ పట్టె! నరసింహులు ఏం చేస్తాడు పాపం, నామం యాడుంటే మద్దెల ఆడుండాలగదా, మెడలో మద్దెలతో దబదబా వెనకాలే పరిగెత్తె. దొడ్లో ఆవు పక్కన మోకాళ్ళేసి కూర్చోని ఓబుళప్ప ఎట్ల పాడినాడనుకున్నారు? "ఆముదం తేవమ్మా రామా, తలకాయ పట్టుకోమ్మా రామా, కాలు ముడుసుకునిందే రామా, బెదరొద్దు తల్లీ రామా." నవ్వుతారేమి? మద్దెల గూడా పడతానే ఉండాది!

ఆ లోపల చెన్నరాయుడు సద్ది తాగి వచ్చి చూస్తే, దీపం ఒంటిగా ఉండాది, మనిషి లేడు. చెవి పెట్టి వింటే నామం తిప్పక్క దొడ్లో వినపడతాంది. కోపమంటే కోపమా! పంచె ఎగ్గట్టుకోని వచ్చి దొడ్డి వాకిట్లో నిలబడి, "ఓబుళప్పా! దీపాన్ని ఇడిసిపెట్టి ఈ పేడలో పాడతావా? ఊరందరి నోట్లో మన్ను కొడతావా?" అని అరిసె. ఓబుళప్ప జవాబు యాడ చెప్తాడు, చెప్తే నామం తెగుతాది. మోచేతి దాకా చెయ్యి ఆవు కడుపులో ఉండాది, చెమట కండ్లలోకి కారతాంది, పాడతానే చెన్నరాయున్ని చూసె. అంతలో కాలు సరైంది. ఇంక లాగాల. లాగాలంటే ఊపిరి బిగబట్టాల, ఊపిరి బిగబడితే పాట రాదు. ఓబుళప్ప కాళ్ళు తన్నిపెట్టి బిగించినాడు, గొంతులో రామా అనేది సగంలో సన్నగిల్లిపోతాంది. తిప్పక్క నోట్లో కొంగు కుక్కుకునె. తెగె, ఇంక తెగె అనుకునే యాళకు, ఎవురు అందుకున్నారంటారు? చెన్నరాయుడే! కోపం మొగం మీద అట్లే ఉండాది, చెయ్యి తిట్టేదానికి ఎత్తింది ఎత్తినట్లే ఉండాది, నోట్లోంచి మాత్రం రామ రామా అని వచ్చె. దూడ కిందపడేదాకా ఆయప్పే పాడినాడంట, కండ్లెంబడి నీళ్ళు కారతాండంగ.

మల్లా అందరూ పాడుకుంటానే దీపం కాడికి వచ్చిరి. తెల్లారి ఏకాహం ముగిసె. వాన వచ్చిందా అంటారా? రాలా. ఆ యేడంతా రాలా. నామాన్ని దొడ్లోకి తీసుకపోతే వాన ఎట్లొస్తాదని జనం ఓబుళప్పను అనని మాట లేదు. చెన్నరాయుడు మాత్రం, "నామం తెగలా, నేనే సాక్షి" అంటాండె. ఓబుళప్ప ఎవురితోనూ వాదించలా. సుంకులమ్మ అడిగిందంట, నీ మనసులో ఏముందయ్యా అని. "నేనే వాన ఆపినానేమో, నాకు తెలీదు. తిప్పక్క ఏడుస్తాంటే మాత్రం తిరిగి చూడకుండా పాడేదానికి నాకు నోరు రాలా" అన్నాడంట. ఆ బాధ ఆయప్పకు శానా కాలం ఉండింది. ఉన్నా పని ఇడిసినాడా? కరువు పనిలో రాళ్ళు కొట్టి బిడ్డలను సాకినాడు, మనవళ్ళను ఎత్తుకున్నాడు, నడుము వంగినాక గోగునారతో పగ్గాలు పేనినాడు. ఒక పొద్దు నీళ్ళు పోసుకోని, నామం పెట్టుకోని, గోడకు ఆనుకోని కూర్చున్న్యోడు కూర్చున్న్యట్లే పోయె. ఊరు ఊరంతా ఏడిసింది.

ఆ ఆవు సంగతి చెప్పలా గదా. ఆ కరువులో గొడ్లన్నీ అమ్ముడుపోయినాయి, ఊర్లో పాలిచ్చేది అదొక్కటే. ఓబుళప్ప కొండకు పోయి ఆకూ అలమూ కోసుకొచ్చి దానికి వేస్తాండె. తిప్పక్క తన బిడ్డలకు పోసి, మిగిలింది తల్లులకు పాలు ఎండిపోయిన ఇండ్లకు ఇస్తాండె. అట్ల బతికిన పసిబిడ్డల్లో చెన్నరాయుని మనవడొకడు. ఇంకొకన్ని నేను. కాబట్టి ఇంతసేపు మాట్లాడి మీ ప్రాణం తీస్తినని ఎవురైనా తిట్టుకునేటట్లయితే నన్ను గాదు, ఆ ఓబుళప్పను తిట్టుకోండి.