కళ్లెం వచ్చినప్పుడు యుద్ధం ఆగాలె

"నానమ్మా, నిన్న మా స్టూడియోల సినిమా సూసినవ్ గదా. నిజం చెప్పాలె. ఎట్లుంది?"

ఏంది, ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు పెట్టు. నీ ముఖం సూసుకుంట చెప్పుమంటే మనవరాలివని నా నాలుక మెత్తగైతది. ఫోనుకు చెప్తే నాకేం మొహమాటం?

మంచిగున్నది ముందు చెప్త. ఆ బురద. అబ్బ, ఆ వానల మీ రాజు పడుకుంట లేసుకుంట పోతుంటే నా కాళ్లకే అంటినట్టయింది. అప్పట్ల మా కాలనీ నాటకంల రాజు ఒక్కపారి గూడ కింద పడలే. ఎట్ల పడ్తడు? డ్రెస్సు కిరాయిది, మరకయితే వాళ్లు ఊకోరు. మా రాజు ఎవరనుకున్నవ్, ఫ్యాక్టరీ క్యాంటీన్ల అన్నం వడ్డించే వెంకటయ్య. ఎంత పెద్ద యుద్ధం చేసినా ఇస్త్రీ మడత చెడకపోయేది. ఇగ మీ రాజుకు ఇనుప టోపీ కట్టుకుంటుంటే చేతులు వణికినయ్ సూడు, గది మస్తు నచ్చింది. పాపం పోరడు గదా, భయమైతదని మాకెవ్వరికీ తోచలే అప్పుడు.

గుర్రాల డెక్కల సప్పుడు నువ్వే చేసినవంటివి. నిజం గుర్రాలే అనుకున్న బిడ్డా. ఆఖరుకు పేర్లు వస్తుంటే నీ పేరు గూడ చదివిన. అంటే, సగం చదివిన. మనవళ్లు పుట్టినంక నేర్చిన అక్షరాలాయె నాయి. 'శ్రా' కాడ జర ఆగిన, 'వణి' అనెటాళ్లకు పేరు పైకి పోయింది.

నీకెవ్వరు చెప్పలేదేమో గని, మన ఇంట్ల యుద్ధం సప్పుడు చేసుడు నీతోని మొదలు గాలే. మీ తాత నాచారంల ఫ్యాక్టరీకి పోయే రోజులు. పావలాకు చాయ్ వచ్చేది, ఇంత గ్లాసుల. ఇప్పుడు మీరు కలిపి ఒక్క సినిమా చేసిన్రే, ఆ రెండు నాటకాలు మావోళ్లు ఏటేటా కాలనీ స్టేజి మీద ఆడెటోళ్లు. ఒకనాడు రాజు పట్టం కట్టుకునుడు, మర్నాడు యుద్ధం. ఆడోళ్లను స్టేజి ఎక్కనియ్యకపోయేది. రాణి వేషం గూడ మీసాలు తీసేసి మొగోళ్లే వేసెటోళ్లు.

మరి యుద్ధమో? అది తెర వెనక. అది మాది. నేను, పక్కింటి అండాలు. కొబ్బరి చిప్పలు కొడితే గుర్రాలు, చాటల శనగలు చెరిగితే బాణాలు, ఇనుప రేకు ఊపితే ఏనుగులు. "జర మెల్లగ ఊపవే, రాజు పద్యం ఎవ్వలికి వినొస్తలేదు" అని నేనంటే, అండాలు "మా ఆయనకు క్యాంటీన్ల గంటెడు తక్కువ పెట్టిండట ఆ రాజు. వినరాకపోతే రాకపోనీ" అనేది. ఆమె కోపమంత ఏనుగుల మీదికెళ్లి వచ్చేది.

మీ తాతది రాజు వేషం గాదు. రాజుకు, రాజు తమ్మునికి స్వారీ నేర్పిన ముసలోడు. ఒక్క మాట గూడ లేదు. యుద్ధం మధ్యల వస్తడు, తమ్ముడు ఎక్కిన గుర్రం కళ్లెం తెచ్చి రాజు చేతుల పెడ్తడు. తమ్ముడు పోయిండు, గుర్రం పోయింది, గదే కబురు. కళ్లెమంటే ఏంది, మిషన్‌ది తెగిన బెల్టు ముక్క. ఆయన అడుగు పెట్టంగనే మేము ఆపాలె. ఒక్క శనగ గూడ కదలద్దు. అండాలు రేకును రొమ్ముకు ఒత్తుకొని నిలబడేది, మోగకుంట.

ఒక ఏడు గట్ల అంత సల్లబడ్డంక, ముందు వరుసల చిన్నపిల్ల "అమ్మా, గుర్రమేదే?" అన్నది. మైదానం మొత్తానికి వినొచ్చింది. ఒక్కరు నవ్వలే. వెంకటయ్య పద్యం అందుకోవాలె, అందుకోలే. తెర సందుల నుంచి సూసిన, ఏడుస్తుండు.

మీ సినిమాల గూడ ఆ ముసలోడు వచ్చిండు. కళ్లెం గూడ నిజం తోలుదే. గని డోళ్లు ఆగలే, కత్తులు ఆగలే. ఇంకా పెంచిన్రు. నా పక్క సీట్లామె కొంగు అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తుందో, చెవులు మూసుకుంటుందో నాకు తెల్వలే. గదొక్కటే నాకు నచ్చలే బిడ్డా. గదొక్కటే చిన్నది గాదు.

"మా స్టూడియో సార్ ఒప్పుకోడు నానమ్మా. ఆ డోళ్లకు మస్తు కష్టపడ్డరు. నేను మొన్న చేరినదాన్ని."

నువ్వు కష్టపడలేదా? నీ డెక్కలు గూడ ఆపుమంటున్న గదనే. ముందు నాదే ఆపుత సార్ అని చెప్పు. విడుదలకు ముందు ఇంకా మార్పులు చేస్తరంటివి గదా, మరి రేపే చెప్పు. భయమా? ఆ రాజు చేతులు వణకలేదా, నీవి గూడ వణకనియ్యి. వణుక్కుంటనే చెప్పు. ఇగ మాట రాకనే పోతే, గీ ఫోన్ ఆయన ముందట పెట్టు.

సారూ, నేను శ్రావణి నానమ్మను. మీ అంత చదువుకున్నదాన్ని గాను. గని ఉప్పల్ నుంచి వచ్చి మీ సినిమా అంత కదలకుంట సూసిన. ముసలాయన కళ్లెం తెచ్చినప్పుడు జర ఆపుండ్రి. ఎంతసేపంటే... నోటితోని చెప్పుడు గాదు, వినుండ్రి. బిడ్డా, బంద్ చెయ్యకు. గట్లనే ఉండనియ్యి. నేను సప్పుడు చెయ్య.

...

గంతసేపు, సారూ.

విన్నవా బిడ్డా? రోడ్డు మీది బస్సు వినొచ్చింది. నీ ఊపిరి గూడ వినొచ్చింది. ఇగ బంద్ చెయ్యి. నీ చేతులు సల్లగుండ.