తాడుకు వేలాడిన కంప్యూటర్

విస్ ద్వీపం పక్కన లంగరేసిన పడవ అంచున ఒక సన్నతాడు నీళ్ళలోకి వేలాడుతోంది. పడవ నడిపే టోంకా దాన్ని లాగబోయింది. ఐదు నిమిషాల క్రితం డైవ్ ముగించి పైకొచ్చిన యెర్కో అడ్డుపడ్డాడు.

“లాగకక్కా! నా చేతి వాచీ, అదే డైవ్ కంప్యూటర్, మూడు మీటర్ల లోతులో ఉంది. ఇంకో నాలుగు నిమిషాలుండాలి.”

“అది కిందుంటే, నువ్విక్కడేం చేస్తున్నావు?”

“పైకొచ్చేముందు ఆ లోతులో తొమ్మిది నిమిషాలు ఆగమంది. నా సిలిండర్లో గాలి అయిపోవచ్చింది, వచ్చేశాను. నేను ఆగలేదని దానికి తెలిస్తే రెండు రోజులు పనిచెయ్యదు, మాయదారిది. అది లేకుండా దిగనివ్వరు.”

“అందుకని నీ బదులు దాన్ని ఆపావా?”

“రేపు మా దొమినికా మొదటిసారి దిగుతోందక్కా. నాన్న పక్కనుంటేనే దిగుతానంది.”

“లోతులో నైట్రోజన్ ఎక్కింది నీ ఒంటికిరా, ఆగితేనే అది మెల్లగా దిగేది. మందు వాచీకి పోస్తే జ్వరం నీకు తగ్గుతుందా?”

“నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను.”

“మరి ఇందాకట్నుంచీ ఆ భుజం పిసుక్కుంటున్నావేం?”

“పొద్దున సిలిండర్లు మోశాను కదా, పట్టేసింది.”

“సిలిండర్లు మోసింది నేను. అది నైట్రోజన్ నొప్పి.”

యెర్కో చెయ్యి భుజం మీదే ఆగిపోయింది.

“...పిల్లకి ఏం చెప్పనక్కా?”

“ఈ వేసవి పోయేలోగా నాన్నే పక్కనుంటాడని నేను చెబుతాలే. ముందు ఈ ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని పడుకో. డాక్టర్ని రేవులో ఉండమని రేడియోలో చెబుతున్నాను.”

“మరి కంప్యూటర్? ఇంకా నాలుగు నిమిషాలు...”

“తాడు కోసేస్తున్నాను. దానికి నాలుగు నిమిషాలున్నాయి, నీకు లేవు.”