తాళం వేసిన గేటు

చెట్లు కొట్టించడానికి లారీ వస్తోందని తోపు యజమాని గేటు దగ్గరికి వచ్చేసరికి, బయట పక్షుల సంరక్షణ అధికారిణి నిలబడి ఉంది.

“మళ్లీ వచ్చావా అమ్మాయ్? ఇది నా సొంత తోపు. నిన్ను రానివ్వకూడదనే నెల కిందట గొలుసు చుట్టి ఈ తాళం వేశాను.”

“లోపలికి రాను బాబాయ్‌గారూ. ఇక్కడి నుంచే చూస్తాను.”

“కళ్లు కాయలు కాచేదాకా చూడు. ఒక్క గూడు కూడా లేదు.”

“ఒకటుంది.”

“ఏ చెట్టు మీద?”

“మీ గేటు మీద. ఆ గొలుసు చుట్టల మధ్య. నాలుగు గుడ్లు.”

ఆయన వంగి చూశాడు. నాలుగే.

“ఈ పిట్టకి ఇంకెక్కడా చోటు దొరకలేదా?”

“నెల రోజులుగా ఎవరూ ముట్టుకోని చోటు ఇదే కదండీ! పిల్లలు ఎగిరిపోయేదాకా గేటు కదపకూడదు. గుడ్డు పగిలితే కేసు మీ మీదే.”

“ఈ గేటు తప్ప లారీకి వేరే దారి లేదమ్మా, వెనకున్నది కాలిబాటే! వానలొచ్చేలోపు ఇంటికి కప్పు వేయాలి. కలపంతా లోపలే ఉంది.”

“నెల రోజులు ఓపిక పట్టండి.”

మలుపులో హారన్ మోగింది. ఆయన గబగబా ఫోన్ తీశాడు.

“హారన్ ఆపరా బాబూ, ఇక్కడ గుడ్లున్నాయి... కోడిగుడ్లు కావురా, కేసు గుడ్లు! లారీ వెనక్కి తిప్పు. మెల్లగా తిప్పు.”