ఇంటి కింద నీళ్ళు

మే నెల. ఒహాయోలో ఊరి చివర, లాక్కొచ్చి దిమ్మెల మీద నిలిపిన ట్రెయిలర్ ఇళ్ళ వాడ. ఓనరు తరఫున ఆ వాడ బాగోగులు చూసే డోర్సీ పార, గునపం, ఒంటిచక్రం బండి నిండా కంకర తెచ్చుకుని ఆర్డిత్ గారి మెట్ల ముందు నిలబడ్డాడు. ఆమె తలుపు సగమే తీసింది.

"ఇవాళ వద్దంటే ఎలా ఆర్డిత్‌గారూ? ఫోన్ చేసింది మీరే కదా."

"ఇవాళ చెయ్యలేదుగా."

"ఇవాళ కాదు. మార్చిలో, ఇంటి కింద నీళ్ళు చేరాయని. మార్చంతా. నా ఫోన్ మోగితే చాలు, మా ఆవిడ 'ఇదిగో, మీ ఆర్డిత్' అని అందించేది."

"నవ్వుకునేవాళ్ళన్నమాట."

"అయ్యో, అలా కాదండీ."

"నేల గడ్డకట్టింది, పార దిగదన్నావు. నేల కరిగాక బురద, బండి దిగబడుతుందన్నావు. బురద ఆరేసరికి ఓనరు ఫ్లోరిడా నుంచి రాలేదన్నావు."

"రాలేదు మరి."

"పార ఆయన దగ్గరుందా?"

"సరే, తప్పే. ఒప్పుకున్నాగా. ఇప్పుడొచ్చాను."

"ఎవరు పంపారు?"

"ఒకరు పంపాలా ఏంటి? నాకే అనిపించి..."

"డోర్సీ."

"... ఆస్పత్రి వాళ్ళు ఓనరుకి ఫోన్ చేశారు. గురువారం వాళ్ళ నర్సు మీ ఇల్లు చూడ్డానికొస్తుంది. నేల మెత్తగా ఉన్నా, కింద నీళ్ళున్నా మీవారిని, వెండెల్‌గారిని పంపరట. పక్షవాతం వచ్చిన మనిషి, చక్రాల కుర్చీ, ఈ నేల మీద ఎలా తిరుగుతుంది? ఆయన ఇంటికి రాలేకపోతే తప్పు మా మీదకొస్తుంది. ఓనరుకి దడ పుట్టింది."

"ఓనరుకి దడ పుడితే నీకు పార దొరికింది."

"తిట్టండి, పడతాను. పని మాత్రం చెయ్యనివ్వండి. ఇదిగో, ఇక్కణ్ణుంచి రోడ్డు పక్క కాలవ దాకా మోకాలి లోతు గాడి తీస్తా. అడుగున కంకర, దాని మీద చిల్లుల పైపు, మళ్ళీ కంకర. నీళ్ళన్నీ దాంట్లోకి దిగి పోతాయి. రేపు జాకీ పెట్టి కుంగిన మూల ఎత్తి, రసమట్టం పెట్టి సరిచేస్తా. గురువారానికి మీ పడగ్గది తలుపు చక్కగా మూసుకుంటుంది."

"మూసుకోకపోయినా పర్లేదు. ఇప్పుడది మూసే పనేం లేదు."

"మరి వెండెల్‌గారొచ్చాక?"

"కాఫీ తాగుతావా?"

"పనయ్యాక తాగుతా. ముందు ఈ మొక్కలు..."

"పియోనీలవి. ముట్టుకోకు. మొగ్గ మీదున్నాయి."

"జాగ్రత్తగా తీసి అటుపక్క నాటుతా."

"పియోనీని కదిపితే ఏళ్ళ తరబడి అలుగుతుంది. పువ్వే వెయ్యదు."

"అయితే గాడి ఇటు తిప్పుతా."

"అటు గ్యాసు పైపుంది. తవ్వే ముందు గ్యాసు వాళ్ళని పిలిచి, పైపు ఎటుందో జెండాలు పాతించాలని నువ్వేగా వెండెల్ మీద అరిచావు, ఆయన పిట్టగూడు కర్ర పాతబోతే."

"పాతించా. పసుపు జెండా, అదిగో, మీ మెట్ల పక్కనే ఉంది. పైపు అక్కడ, ఇటు కాదు."

"గాలికి జరిగుంటుంది."

"గాలికి జెండా ఊగుతుందండీ, కర్ర నడవదు. ఏంటి ఆర్డిత్‌గారూ, ఇన్నాళ్ళూ రా రా అని చంపేశారు, వస్తేనేమో గుమ్మంలోనే ఆపేస్తున్నారు. ఒంట్లో బాగానే ఉందా?"

"ఏం, బాలేనట్టున్నానా?"

"అదే, బాగున్నారు. చలికాలంలో కంటే మొహం తేటగా ఉంది."

"నిద్ర పడుతోంది."

"ఆయన లేకుండానా? మా ఆవిడైతే నేను పక్కన లేకపోతే తెల్లవార్లూ..."

"మీ ఆవిడ సంగతి మీ ఆవిణ్ణి అడుగు."

"లోపల పాటొస్తోందే. రేడియోనా?"

"ఊఁ."

"మీ ఇంట్లో పాట నేనెప్పుడూ వినలేదు."

"ఆయనకి పడదు."

"గోడకి రంగు కూడా వేశారా? తలుపు సందులోంచి పచ్చగా కనిపిస్తోంది. మీరే వేశారా?"

"మెల్లమెల్లగా. ఒక్కో గోడా."

"కింద నేల కుళ్ళుతుంటే గోడకి రంగేంటండీ?"

"నేల మీ సంగతి. గోడ నాది."

"వెండెల్‌గారికి చెప్పారా?"

"ఆయనకి తెల్ల గోడే ఇష్టం."

"... ఆదివారం ఆయన్ని చూసొచ్చాను."

"తెలుసు. మా అమ్మాయి చెప్పింది."

"ఎడం చెయ్యి ఇంకా లేవట్లేదు గానీ, మాట మాత్రం వచ్చేసింది."

"వచ్చేసిందా? అంతా?"

"అంతా. నర్సుల్ని దులిపేస్తున్నాడు."

"అయితే ఆయనే."

"మీ గురించీ అడిగాడు."

"ఏమని?"

"అదే... తన కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వద్దని చెప్పమన్నాడు."

"నేను కూర్చుంటున్నా. సాయంత్రాలు. రొట్టె కాల్చుకుని అందులోనే కూర్చుని తింటున్నా. అది వంటా కాదు, భోజనమూ కాదు. ఉప్పెక్కువైందని ప్లేటు నెట్టేవాళ్ళు లేరు."

"జోకండీ అది, ఆయనన్నది."

"ఆయన జోకులు నాకు తెలీవా?"

"మొరటు మనిషే, కాదన్ను. మనసు మాత్రం మంచిది. ఆమధ్య మంచులో నా ట్రక్కు కదలకపోతే వణుక్కుంటూ వచ్చి తోశాడు."

"ఈ వాడలో అందరి ట్రక్కులూ తోశాడు."

"అదేగా నేననేది."

"నేననేది వేరు. ఇవి రేకు గోడలు, డోర్సీ. ఇన్నేళ్ళలో నీకేమీ వినిపించలేదా?"

"... అప్పుడప్పుడు ఆయన గొంతు పెరిగేది. మొగుడూ పెళ్ళాల మాటలు. మధ్యలో నేనెవర్ని?"

"అంతేలే."

"ఎప్పుడైనా చెయ్యి... చేసుకున్నాడా?"

"లేదు. ఒక్కసారి కూడా లేదు. అందుకే చెప్పుకోడానికి నా దగ్గరేం లేదు."

"పోన్లెండి, ఇప్పుడవన్నీ ఎందుకు? జబ్బు మనిషిని మారుస్తుంది. కొంచెం పక్కకి జరగండి, ఈ కింది రేకు విప్పి చూస్తా."

"చూసేదేముంది? నీళ్ళున్నాయి. ఉన్నాయని చెప్తున్నాగా."

"ఎంతున్నాయో తెలిస్తేగా గాడి ఎంత లోతో తెలిసేది. ఇదిగో... అమ్మో! చెరువులా ఉందే."

"చెప్పానా."

"ఇదేంటి, వింతగా ఉంది."

"వింతేముంది? మాది పల్లం."

"పల్లమైనా పైనుంచి పడాలి కదండీ. వాన మొహం చూసి ఎన్నాళ్ళయింది? పక్కింటి కింద ఇందాకే చూశా, దుమ్ము లేస్తోంది. మా గడ్డి ఎండిపోయిందని మా ఆవిడ గోల. మీ కిందేమో ఇంత నీళ్ళు. బురదనీళ్ళు కూడా కాదు, తేటగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. మీ పైపెక్కడో పగిలింది."

"పగల్లేదు."

"మీకెలా తెలుసు?"

"వంటింట్లో నీళ్ళు బాగానే వస్తున్నాయి."

"సన్న చీలికైతే అలాగే వస్తాయి. కిందకి దూరి చూస్తా. టార్చి ఉందా?"

"లేదు. దూరకు. పాములుంటాయి."

"ఈ చన్నీళ్ళలో పాముకేం పనండీ?"

"స్కంకు ఉంది. మొన్న కంపు కొట్టింది. నీ మీద ఆ కంపు చిమ్మిందంటే మీ ఆవిడ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

"ఎక్కనివ్వకపోతే మీ వంటింట్లో పడుకుంటా."

"డోర్సీ, నవ్వులాట కాదు. ఈ పూటకి వదిలెయ్. శుక్రవారం రా. శుక్రవారం వస్తే నీ ఇష్టమొచ్చినంత తవ్వుకో, పియోనీలు కూడా తీసెయ్."

"గురువారం నర్సొస్తుంటే శుక్రవారం తవ్వి ఏం లాభం? మీరలా మెట్ల మీద కూర్చోండి. నేను దూరుతున్నా."

"నీ ఇష్టం."

"వినిపిస్తోందా ఆర్డిత్‌గారూ?"

"ఊఁ."

"వంటింటి కింద దిమ్మె ఒరిగిపోయింది. పైన చెక్క నొక్కితే నానిన రొట్టెలా దిగిపోతోంది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడకండి."

"నిలబడట్లేదు."

"పైపుకేం కాలేదు, మొత్తం పొడిగానే... ఆగండాగండి. వెనకవైపు నుంచి చప్పుడొస్తోంది. బుడబుడమని. ఇక్కడేదో... ఆకుపచ్చ గొట్టం. మొక్కలకి నీళ్ళు పెట్టేది. ఆర్డిత్‌గారూ? ఉన్నారా?"

"ఉన్నా. ఎక్కడికి పోతాను?"

"వస్తున్నా, వస్తున్నా. అబ్బా, నడుం. ఏం భయపడకండి, చాలా చిన్న విషయం. మొక్కలకి పెట్టి కుళాయి కట్టెయ్యడం మర్చిపోయారు. గొట్టం జారి వెనక రేకు కిందకి దూరింది. అంతే. మా అమ్మ కూడా ఈ వయసులో ఇలాగే..."

"నాకు మతిమరుపు లేదు."

"ఎవరికైనా జరుగుతుందండీ."

"గొట్టం చివర మీద ఏముంది?"

"ఇటుక."

"జారిన గొట్టం ఇటుకని నెత్తికెత్తుకుంటుందా?"

"నేను చూడలేదనుకోండి."

"చూశావు."

"... ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్లో అదే ఆరిపోయింది. వానలాగింది, ఎండొచ్చింది, నేల తాగేసింది. నీ పైపూ అక్కర్లేదు, నువ్వూ అక్కర్లేదు. ఒక పొద్దున రేకు జరిపి చూస్తే పొడిమట్టి. ఎవరైనా సంతోషిస్తారు కదా? నేనేమో అక్కడే గడ్డిలో కూలబడ్డాను. లేచాక గొట్టం తెచ్చి పెట్టాను."

"ఆర్డిత్‌గారూ, మీకున్నదల్లా ఈ ఇల్లే. ఇంత పాత ట్రెయిలర్ని ఇక్కణ్ణుంచి లాగితే ఏ వాడలోనూ రానివ్వరు. ఇంకొన్నాళ్ళిలా నానితే నడుం విరిగి కూర్చుంటుంది."

"'నేల వాడది, ఇల్లు మీది.' మొదటిసారి తలుపు పట్టేస్తోందని చెప్తే నువ్వన్న మాటే. నా ఇల్లు నేను తడుపుకుంటున్నా. నీళ్ళెలాగూ అద్దెలో కలిసున్నాయి."

"ఆయన్ని తీసుకురావద్దని చెప్పేస్తే పోయేదిగా. మీ అమ్మాయికి చెప్పండి. నర్సుకి చెప్పండి."

"ఏమని చెప్పను? కొట్టాడా? లేదు. తాగాడా? లేదు. అమ్మాయి ఏడుస్తుంది. నర్సు 'అలసిపోయారు, పాపం' అంటుంది. చివరికి నేనే, 'సరే, పంపండి' అంటాను. నా సంగతి నాకు తెలుసు. నా నోటికి ఆ 'వద్దు' రాదు. ఎప్పుడూ రాలేదు. నర్సు వస్తుంది, నేల మీద అడుగేస్తుంది, అడుగు దిగబడుతుంది. నేను నోరు తెరవక్కర్లేదు. నా బదులు ఇల్లే చెప్తుంది."

"పాపం అక్కడ పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చుని రోడ్డు చూస్తున్నాడండీ."

"ఇక్కడా అంతే. నేను సరుకులకెళ్తే కిటికీ దగ్గర కూర్చునేవాడు. చేతిలో గడియారం."

"... ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? కుళాయి కట్టెయ్యనా, వద్దా?"

"నన్నడుగుతావేం? వాడ నువ్వేగా చూస్తున్నావు."

"ఒక్కటి మాత్రం నాకర్థం కావట్లేదు. మార్చిలో ఎందుకండీ మరి అన్ని ఫోన్లు? ఒకసారి ఏడ్చారు కూడా. ఎలాగైనా చెయ్యి డోర్సీ, ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలి అని. అదంతా నాటకమా?"

"కాదు. నిజంగానే ఏడ్చాను. ఆ రోజే నువ్వు వచ్చుంటే ఈపాటికి ఆయన ఇంట్లో ఉండేవాడు డోర్సీ, ఇలా కూడా బతకొచ్చని నాకు తెలిసేదే కాదు."