పద్దెనిమిది గంటల లెక్క

హలో… ఆ, నేనే. తిప్పేష్‌నే. నీ మొగుని ఫోను ఇంగెవురెత్తుతారు ఈశ్వరీ…

గొంతు బాయిలోంచి వచ్చినట్లుండాదా? … ఏంలేదు, రవ్వంత పట్టింది. వాన కదా.

మీ అక్క ఎట్లుండాది? … కాన్పు బాగ జరిగిందా. మంచిది. … ఆడబిడ్డా? ఎవురి పోలిక? … మీ నాయన పోలికా. పాపం. … లేదులే, ఊరికే అన్నా.

తిన్యా. ఉగ్గాని. గంగాదేవి వదిన పంపించింది.

… గుడ్లు పొదిగే మిషనా?

మిషనుకేమి… ఉండాది. పెట్టిన చోటే ఉండాది.

… మీటరు చూసి చెప్పాల్నా? ఇప్పుడా? … ఆ… ముప్పై ఏడున్నర. … చూసే చెప్తాండా. … లైటు ఏ రంగా? … పచ్చ… అంటే, ఎర్రగా…

—

ఈశ్వరీ. కరెంటు లేదు.

నిన్న తెల్లారేసరికి పోయింది. కుందుర్పి రోడ్డులో స్తంభాలు పడినాయి. లైన్‌మ్యాన్ బయ్యన్నను అడిగితే సాయంత్రానికి వస్తాదంటాండాడు. నిన్న కూడా అదే అన్నాడు.

… బ్యాటరీ ఉండాది. ఎందుకు లేదు. దాంట్లో ఏమీ లేదు, అంతే.

… ఆ, పద్దెనిమిది గంటలు. నేనే అన్నా. గోడ మీద బొగ్గుతో రాసి మరీ చూపిస్తి నీకు. నూటయాభై యాంపియర్ అవర్లను పన్నెండు వోల్టులతో గుణిస్తి, మిషను తినే వంద వాట్లతో భాగిస్తి. నిన్న మళ్ల చేసి చూసినా. మళ్ల పద్దెనిమిదే వచ్చింది. గోడ మీద లెక్క బాగనే ఉండాది, బ్యాటరీనే చదువుకోలేదు.

… ఊ. సగమే వాడాలంట. అంతకు మించి తోడితే బ్యాటరీ చెడిపోతాదంట. అనంతపురంలో బ్యాటరీ అమ్మిన ఆయప్పకు ఫోన్ చేస్తే అప్పుడు చెప్తాడు. బిందె నిండా నీళ్లుండాయనుకుంటి, సగం దాంకనే ముంచాల్నంట. మధ్యలో ఇన్వర్టరు దాని కూలి అది తీసుకుంటాదంట. ఐటీఐ చదివినోన్ని. చొక్కా జేబు మీద ఎలక్ట్రీషియన్ అని కుట్టించుకుంటి.

… ఇంగొకటుండాది. తిట్టనంటే చెప్తా. … సరే, తిట్టు గానీ మెల్లగ తిట్టు. బాలింత పండుకోనుంటాది.

ఊర్లో ఎవురింట్లోనూ కరెంటు లేదు, మనింట్లో లైటు. నేనన్నా గమ్మునుంటినా? అరుగు మీద కూచోని, 'ఏమప్పా, నా కాడ పద్దెనిమిది గంటలకుండాది' అంటి. ఇంగ చూడు. ఫోన్లు తెచ్చిరి. … అందరివీ. చాట నిండా. గంగాదేవి వదిన మిక్సీ ఎత్తుకొచ్చె. … ఆ, ఈ ఉగ్గానిలోకి పప్పులపొడి దాంట్లోనే కొట్టింది. బసప్ప తాత టీవీ తెస్తానన్యాడు, దానికి మాత్రం వద్దంటి. … ఎట్లంటా ఈశ్వరీ? నమ్మి గుడ్లిచ్చినోల్లు వాల్లు. ఫోను చార్జికి లేదని మొగం మీద ఎట్లంటా?

… సోలారు ప్యానెలు. అదే చెప్తాండా. అసలు తప్పు ఆడ జరిగింది.

పగలు ఎండకు మళ్ల నిండుతాదనుకుంటి. ఎండకు లెక్కెందుకు? మన కాడ ఇంగేదానికన్నా కరువు గానీ ఎండకు కరువా? పుట్టినప్పట్నుంచీ నెత్తి మాడుస్తాంది. అన్నీ లెక్కేసి, ఎండ రాదని మాత్రం అనుకోల్యా. ఏండ్లతరబడి వాన మోడం కోసం మొగం పైకెత్తి చూసినోన్ని, నిన్నంతా ఆ మోడాన్నే తిడతాంటి. రామాంజులు ఇని, 'వానను తిడతావురా, ఊర్లోనుంచి ఎల్లగొడతాం' అనె.

… మధ్యాన్నానికే. ఇన్వర్టరు కూ అని ఒక అరుపు అరిసి… ఆగిపాయె.

… ఈశ్వరీ. ఉండావా?

… ఏడ్చొద్దు. నాకు తెలుసు. రేపో ఎల్లుండో పిల్లలు లేసే గుడ్లు. ఏ ఇంటి గుడ్డు మీద ఆ ఇంటి పేరు పెన్సిలుతో రాసుకుంటివి. పాలుకిచ్చినారు, పిల్లల్లో సగం వాల్లకు, సగం నీకు. 'కోడి లేకుండా పిల్లలు లేస్తాయా' అని మా యమ్మ నగితే, లేపి చూపిస్తానంటివి. అన్నీ తెలుసు. మిషను చల్లగైతాంటే లోపల చెయ్యి పెట్టి చూస్తి. నాకు భయమైంది. నువ్వు తిడతావని కాదు. నీ మొగం ఎట్లయితాదో అని.

… పారేయల్యా. ఇను. రామక్క కాడికి పోతి.

… ఆ, ఆ రామక్కే. 'నీ కోళ్లకింగ పనిలేదు రామక్కా' అని నేను ఎగతాళి చేసింటినే, ఆయమ్మ కాడికే. ఆ ఇంటి కోడి, గుడ్లన్నీ నీకిచ్చేసినా గూడా, వట్టి గంపలో మొండికేసి కూచోనుండాది. రామక్క ఒక్క మాటన్నా అనల్యా. అనింటే బాగుండు. తనే ఇంటింటికీ తిరిగి ఇంగ రెండు పొదుగు కోళ్లను అడుక్కొచ్చి పెట్టింది. ఎర్రిస్వామి వాల్ల కోడి నా చెయ్యి పొడిచింది. రక్తమొచ్చె. దానికి గూడా నా సంగతి తెలిసిపోయినట్లుండాది.

… మూడు కోళ్ల కింద అన్నీ పట్టవు కదా. మిగిలినవా…

… నగొద్దు.

గంపలో బొంత పరిసి, చుట్టూ ఉడుకునీళ్ల సీసాలు పెట్టి, పైన మా నాయన గొర్రెల కాడికి కప్పుకొని పొయ్యే కంబళి కప్పి… ఆ కంబళి కిందనే గంప పట్టుకోని కూచోనుండా. నిన్నట్నుంచి. గొంతు అందుకే అట్లొస్తాంది. … ఆ, పొదుగుతాండాననే అనుకో. రామాంజులు తొంగి చూసి, 'ఏమప్పా, గుడ్ల మీద నుంచి ఎప్పుడు దిగుతావు' అని పాయె. బ్యాటరీ కన్నా నేనే శానాసేపు వస్తాండా.

… తెలీదు. ఎన్ని నిలుస్తాయో చెప్పలేను. కొన్ని పోతాయి. పోయినవాటికి ఇంటింటికీ పోయి నేనే చెప్పుకుంటా. నువ్వు తల దించుకోవాల్సిన పనిలేదు. లెక్క నాది, నీది కాదు.

— ఉండు.

ఉండు ఉండు…

ఒక గుడ్డు కదిలింది. … ఒట్టు. నేను ముట్టుకోల్యా. బీటిచ్చింది… లోపల్నుంచి పొడస్తాంది ఈశ్వరీ.

… పేరా? ఆగు, కంబళి ఎత్తి చూస్తా… 'నల్ల' వరకే ఉండాది, మిగిలింది పగిలిపోయింది. … ఆ, మా యమ్మదే. నల్లమ్మ గుడ్డే. కోడి లేకుండా లేస్తాయా అన్యది కదా, పిలిచి చూపిస్తా. … కోడి ఎవురని అడిగితేనా? అడగనీలే. నేనే అని చెప్తా.

… అరిసింది. ఇనపడిందా? … లేదా? గొంతు శానా చిన్నది.

ఫోను దగ్గర పెడతా ఉండు. … అయ్యో. చార్జి అయిపోవచ్చింది. … ఊరందరి ఫోన్లూ పెడితి, నాది పెట్టేది మరిచిపోతి.

… ఏడుస్తాండావా, నగుతాండావా? … రెండూనా. సరే.

గంపలో పెడతాండా. నేనింగ మాట్లాడను. అయిపోయేదాంక ఇను. ఎంతసేపు వస్తాదని మాత్రం నన్ను అడగొద్దు.