తన యంత్రానికి తానే కాయ కొట్టిన పద్మావతి గారు

1988 ఆగస్టు ఎనిమిదో తేదీ ఉదయం, సంగారెడ్డి ఐటీఐలో పొందిన టర్నర్ ధ్రువపత్రంతో శ్రీమతి పద్మావతి గారు పటాన్‌చెరులోని మన కర్మాగారంలో అడుగుపెట్టారు. ఆ తరగతిలో వారొక్కరే ఆడపిల్ల, మార్కుల్లో ప్రథములు. అయినా లేతు యంత్రం దగ్గర ఆడవాళ్ళు నిలబడలేరన్న నమ్మకంతో నాటి అధికారులు వారిని ప్యాకింగ్ విభాగానికి పంపారు. ఇనుమును కొలత తప్పకుండా చెక్కగల చేతులు పదకొండేళ్ళు అట్టపెట్టెలకు టేపు అంటించాయి. తలచుకుంటే ఇప్పటికీ మాకు సిగ్గుగానే ఉంటుంది.

వారి మాతృమూర్తి ముత్యమ్మ గారు రుద్రారం రైతు కుటుంబీకురాలు, బడి గడప తొక్కని మనిషి. ఆడపిల్లకు ఇనుప పనేమిటని ఇంటి పెద్దలు అడ్డుతగిలితే, "నన్నైతే నాగలి ముట్టనియ్యలె. నా బిడ్డ మిషిన్ నడుపుతది, సూడుండ్రి" అని తేల్చిచెప్పిన ధీశాలి. ఆ మాట నిలబెట్టడానికే పద్మావతి గారు రోజూ గబగబా నాలుగు ముద్దలు తిని, మిగిలిన భోజన విరామమంతా సీనియర్ ఆపరేటర్ సంగయ్య గారి లేతు దగ్గర సాధన చేసేవారు. 1999లో ఒక ఆపరేటర్ హఠాత్తుగా పని మానేసి, అత్యవసర ఆర్డరు నిలిచిపోయినప్పుడు, సంగయ్య గారి సిఫార్సుతో ఆ ఆపరేటర్ యంత్రం పద్మావతి గారి చేతికి వచ్చింది, అదీ తాత్కాలికంగా. వారు చేసిన షాఫ్టుల్లో ఒక్కటి కూడా లోపముందని తిరిగి రాలేదు.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. ఎవరి యంత్రం ముందు వారే కొబ్బరికాయ కొట్టడం మన ఆనవాయితీ. వరుస పద్మావతి గారి దాకా వచ్చేసరికి ఫోర్‌మన్ రామలింగేశ్వరరావు గారు, "ఆడవాళ్ళు కాయ కొట్టడం ఎక్కడా లేదండీ. సంగయ్య కొడతాడు, మీరు హారతివ్వండి" అన్నారు.

"నడిపేది నేను గద సార్. ఇయ్యాల కాయ సంగయ్యన్న కొడితే రేపు మిషిన్ గూడ ఆయనదే అంటరు" అన్నారు పద్మావతి గారు.

సంగయ్య గారు పక్కకు జరిగి, "నా మిషిన్ నాకున్నది. ఆమెది ఆమెనే కొట్టనీయుండ్రి" అన్నారు.

తీరా కొడితే కాయ పగలలేదు సరికదా, చేయి జారి యంత్రం కిందికి దొర్లిపోయింది. అపశకునమని ఎవరో గొణిగారు. పద్మావతి గారు కొత్త పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకొని, నూనె మరకల నేల మీద పాకివెళ్ళి కాయను తెచ్చి మళ్ళీ కొట్టారు. రెండు చెక్కలూ సమంగా పగిలాయి. ఒక చెక్కను రావు గారే కళ్ళకద్దుకొని తీసుకున్నారు. ఆ వారంలోనే వారిని ఆపరేటర్‌గా ఖాయం చేయించిందీ ఆయనే.

ఆపై పద్మావతి గారు షిఫ్ట్ ఇన్‌చార్జి హోదాకు ఎదిగి, ముప్ఫైమంది యువతులకు పని నేర్పారు. కొలత తప్పు చెబితే వారి కోపానికి మేనేజర్లు సైతం జడిసి తప్పించుకు తిరిగేవారన్నది జగమెరిగిన సత్యం.

గత నెల, వారి పదవీ విరమణ తర్వాత ఆ స్థానంలోకి రానున్న హరిచందన ఈ పాత కథ విని, "టర్నర్ చదివినోళ్లను ప్యాకింగ్ల ఎందుకేసిన్రు మేడం?" అని అడిగింది. ఎంత విడమరచి చెప్పినా ఆ పిల్లకు అర్థం కాలేదు. పద్మావతి గారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. వారి ముప్ఫై ఏడేళ్ళ కృషికి ఇంతకుమించిన సన్మానం మేము చేయలేము.

ఈ కథ ఎంత చెప్పినా అర్థంకాని ఆడపిల్లలు మన కర్మాగారం నిండా పెరుగుతుంటే కళ్ళారా చూస్తూ, పద్మావతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.